క్షమాపణ అడిగిన ఆచార్యుడు: రామానుజుల జీవితంలో మనం త్వరగా దాటేసే ఘట్టాలు



హైదరాబాద్‌లో ఉండేవాళ్లలో చాలామంది ముచ్చింతల్ వెళ్లే ఉంటారు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం ముందు సెల్ఫీ కూడా దిగే ఉంటారు. ఆ ఎత్తు చూసి బయటికొచ్చాక ఎక్కువమందికి గుర్తుండేది ఒక్క కథే, గోపురం ఎక్కి అందరికీ మంత్రం చెప్పిన కథ. ఈ వారం వీడియోలో మేం కూడా దానికే ఎక్కువ టైమ్ ఇచ్చాం. అక్కడ పట్టని మిగతా కథలు ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. పీఠం మీద కూర్చున్న మనిషి తప్పు చేస్తే, ఆ తప్పు ఒప్పుకున్నాడని మనం ఎలా నమ్మాలి?

ఈ రోజుల్లో మనకు అలవాటైన క్షమాపణ ఒకటుంది. ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే విచారం వ్యక్తం చేస్తున్నాం, అని ఒక వీడియో వస్తుంది. స్వాములైనా, సినిమావాళ్లైనా, రాజకీయ నాయకులైనా అదే వాక్యం. అందులో ఎవరు ఏం చేశారో ఉండదు. దెబ్బ తగిలిన మనిషి పేరు ఉండదు. తిని ఉంటే అనే మాటలో, అసలు తగిలిందో లేదో అనే అనుమానం కూడా మన మీదకే తోసేస్తారు. రెండు రోజులాగితే అన్నీ యథాప్రకారం. దీని పక్కన వెయ్యేళ్ల నాటి ఈ కథలు పెట్టి చూడండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇవి గురుపరంపర గ్రంథాల్లో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన సంగతులు. శాసనాలు కావు. కానీ ఒక సంప్రదాయం తన గురువు గురించి వెయ్యేళ్లు ఏం దాచుకుంది, ఏం దాచకుండా చెప్పింది అన్నది కూడా చిన్న విషయం కాదు కదా.

రామానుజులు 1017లో శ్రీపెరుంబూదూరులో పుట్టారు. తండ్రి కేశవ సోమయాజి, తల్లి కాంతిమతి. మేనమామ తిరుమల నంబి, మన తిరుమల కొండ మీద స్వామి కైంకర్యంలో ఉన్నవారు. చిన్నతనంలోనే పెళ్లయింది, ఆ వెంటనే తండ్రి పోయారు. కుటుంబం కాంచీపురానికి మారింది. అక్కడ వేదాంతం చదువుకోవడానికి యాదవప్రకాశుల దగ్గర చేరారు. ఆ రోజుల్లో ఆయన పెద్ద పేరున్న పండితుడు, ఎందరో శిష్యులు. పిన్నమ్మ కొడుకు గోవిందుడు కూడా అదే పాఠశాలలో ఉన్నాడు.

గొడవ ఒక ఉపనిషత్తు మాట దగ్గర మొదలైంది. ఛాందోగ్యంలో భగవంతుడి కళ్లను వర్ణించే చోట కప్యాసం అనే పదం వస్తుంది. గురువుగారు దానికి కోతి వెనుకభాగంలా ఎర్రగా ఉన్న అని అర్థం చెప్పారు. ఆ సమయంలో రామానుజులు ఆయన ఒంటికి నూనె రాస్తున్నారట. ఆ పోలిక విని కళ్లలో నీళ్లు తిరిగి ఒక వేడి బొట్టు గురువు తొడ మీద పడింది. ఏమిటని అడిగితే, సూర్యకిరణాలకు విచ్చుకున్న తామరలాంటి కళ్లు అని అదే పదానికి వ్యాకరణబద్ధంగా ఇంకో అర్థం చెప్పారు. క్లాసులో జూనియర్ లేచి ప్రొఫెసర్ పాఠాన్ని సరిచేస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఇలాంటివి ఒకటి కాదు, రెండు మూడు జరిగాయి. కుర్రాడు చెప్పినదాంట్లో తప్పు దొరకలేదు. అసలు సమస్య అదే.

యాదవప్రకాశులు శిష్యులందరినీ తీసుకుని కాశీయాత్రకు బయలుదేరారు. పైకి గంగాస్నానం. లోపలి ప్లాన్, రామానుజుల్ని గంగలో ముంచేసి ప్రమాదంలో పోయాడని చెప్పడం. గోవిందుడికి ఈ సంగతి తెలిసి వింధ్య అడవుల్లో అన్నను పక్కకు పిలిచి చెప్పేశాడు. రామానుజులు రాత్రికి రాత్రే తప్పుకున్నారు. దారి తెలియక తిరుగుతుంటే ఒక బోయ దంపతులు కనిపించి తోడొచ్చారని, తెల్లారి కళ్లు తెరిస్తే ఎదురుగా కంచి గోపురాలు ఉన్నాయని, ఆ దంపతులు వరదరాజస్వామి, పెరుందేవి తాయారేనని కథ. శిష్యుడు కనిపించడం లేదని తెలిశాక గురువుగారు పైకి చాలా దుఃఖం చూపించారట. లోపల ఊపిరి పీల్చుకున్నారు. (గోవిందుడు కాశీ నుంచి తిరిగొస్తూ శివభక్తుడై మన శ్రీకాళహస్తిలో ఉండిపోయాడు. ఆ కథ విడిగా ఒక వీడియోకు సరిపోతుంది.)

యాత్ర ముగించుకుని కంచికి వస్తే రామానుజులు ఇంట్లో క్షేమంగా ఉన్నారు. యాదవప్రకాశుల గుండె ఆగినంత పనైంది. కానీ కుర్రాడు ఎవరికీ ఏమీ చెప్పలేదని తెలిసి కుదుటపడ్డారు. మళ్లీ పాఠాలకు రమ్మన్నారు. ఏమీ జరగనట్టే. అంతే. తప్పు గురించి మాట లేదు, ఆ మాట రాకుండా ఉండటానికి కాస్త ఎక్కువ ఆప్యాయత మాత్రం ఉంది. రామానుజులు వెళ్లారు కూడా. కానీ అది నిలబడలేదు, కొన్నాళ్లకే మళ్లీ అభిప్రాయభేదం వచ్చి గురువుగారే బయటికి పొమ్మన్నారు. ఏమీ జరగనట్టు నడుచుకోవడం క్షమాపణ కాదని ఈ ఘట్టం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదనిపిస్తుంది నాకు.

తర్వాతి కొన్నేళ్లు వేగంగా చెప్పేస్తాను. రామానుజులు కాంచీపూర్ణుల మాట మీద వరదరాజస్వామికి రోజూ బావి నీళ్లు మోసే సేవ చేశారు. శ్రీరంగంలో యామునాచార్యులు రమ్మని కబురు పంపారు. వీళ్లు చేరేసరికి ఆయన పరమపదించారు. దేహానికి మూడు వేళ్లు ముడుచుకుని ఉంటే, రామానుజులు మూడు ప్రతిజ్ఞలు చేశాక ఒక్కొక్కటీ తెరుచుకున్నాయని చెప్తారు. వాటిలో ఒకటి బ్రహ్మసూత్రాలకు భాష్యం రాయడం. ఆ భాష్యం దగ్గరికి మళ్లీ వస్తాం.

ఇక్కడ మాత్రం ఒక విషయం దాటెయ్యకూడదు. రామానుజుల భార్య పేరు తంజమాంబ. కాంచీపూర్ణులు బ్రాహ్మణేతరులు. రామానుజులు ఆయన్ని గురువులా చూసి భోజనానికి పిలిస్తే, ఆమె వడ్డించి, ఆయన తిన్న చోటు శుద్ధి చేసి, స్నానం చేసిందట. తర్వాత ఇంట్లోనే ఉండి పాఠం చెబుతున్న మహాపూర్ణుల భార్యతో నూతి దగ్గర బిందె విషయంలో గొడవ పడింది. ఆ దంపతులు మాట కూడా చెప్పకుండా శ్రీరంగం వెళ్లిపోయారు. రామానుజులు ఇక భరించలేక, పుట్టింటి నుంచి పిలుపు వచ్చినట్టు ఒక ఉత్తరం సృష్టించి ఆమెను పంపించేసి, సన్యాసం తీసుకున్నారు.

చాలా ప్రవచనాల్లో ఈ కథ ఆమె తప్పుల జాబితాలా వస్తుంది. ఆమె చేసింది నిజంగా తప్పే, ముఖ్యంగా కాంచీపూర్ణుల విషయంలో. కానీ అది ఆమె ఒక్కతే కనిపెట్టిన ఆచారం కాదు, ఊరు ఊరంతా అలాగే ఉన్న కాలం. అబద్ధపు ఉత్తరం పట్టుకుని పుట్టింటికి చేరిన ఆ అమ్మాయికి ఎలా ఉండి ఉంటుంది? ఆచార్యుడు తర్వాత ఎన్నో చోట్ల ఎందరినో క్షమించమని అడిగారు. ఆమె దగ్గరికి వెళ్లి అడిగిన ఘట్టం మాత్రం నేను చదివిన ఏ కథలోనూ లేదు. దీన్ని దాచి మిగతావి చెప్పడం నాకు సరిగ్గా అనిపించలేదు, అందుకే రాశాను.

సన్యాసం తీసుకుని కంచిలోనే మఠంలో ఉన్న రోజుల్లో యాదవప్రకాశుల కథ రెండో భాగం జరిగింది. ఆయన అప్పటికి ముసలివారైపోయారు. తల్లి ఇంకా బతికే ఉంది. గుడిలో రామానుజుల్ని చూసి వచ్చిన ఆ తల్లి, నువ్వు పోయి ఆ అబ్బాయికి శిష్యుడివి కారా అని కొడుక్కి చెప్పింది. ఊహించుకోండి. ఊరంతా గురువుగారు అనే మనిషి, తను చంపబోయిన కుర్రాడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మనసులో ఒప్పుకున్నా కాలు కదల్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన ఏకదండి సన్యాసి, శిఖ, యజ్ఞోపవీతం వదిలేసినవారు. కొత్త ఆశ్రమానికి రావాలంటే ముందు ప్రాయశ్చిత్తంగా భూప్రదక్షిణ చేయాలి. ఆ వయసులో భూమి చుట్టూ తిరిగే శక్తి ఎక్కడిది?

కాంచీపూర్ణుల ద్వారా వరదరాజస్వామిని అడిగిస్తే జవాబు వచ్చింది. రామానుజుల చుట్టూ ఒక్కసారి ప్రదక్షిణ చేస్తే భూమి చుట్టూ చేసినట్టే. మనం దీన్ని రాయితీలాగా చూస్తాం. నాకైతే అది భూప్రదక్షిణ కన్నా కష్టమైన పనిగా కనిపిస్తుంది. భూమి చుట్టూ తిరిగితే తెలియని ఊళ్లలో, తెలియని మనుషుల మధ్య తిరగొచ్చు. గౌరవమే దొరుకుతుంది, పెద్ద యతి తపస్సు చేస్తున్నాడని. రామానుజుల చుట్టూ తిరగాలంటే తనను తెలిసిన కంచిలో, తన పాత శిష్యులు చూస్తుండగా, ఎవరికి ద్రోహం చేశాడో ఆ మనిషి చుట్టూనే తిరగాలి.

ఆయన వచ్చారు, తిరిగారు, పాదాల మీద పడ్డారు. త్రిదండం తీసుకుని గోవింద జీయరుగా పేరు మార్చుకున్నారు. రామానుజులు అప్పుడు చేసిన పని గమనించండి. పాత లెక్కలు విప్పలేదు. అలాగని పోన్లెండి అని తేల్చెయ్యనూ లేదు. ఆ పండితుడికి చేతనైన పనే అప్పగించారు. సన్యాసుల ధర్మాల మీద గ్రంథం రాయమన్నారు. ఆయన గతంలో ఏ ఆశ్రమ పద్ధతుల్ని తీసిపారేశారో, వాటినే శాస్త్రప్రమాణాలతో నిలబెట్టే గ్రంథం. అదే యతిధర్మసముచ్చయం. ఈ రోజుకీ ఆ పుస్తకం దొరుకుతుంది, పండితులు చదువుతారు. రాసిన కొద్దికాలానికే ఆయన కన్నుమూశారని చెప్తారు. ఒక గురువు తన క్షమాపణను తన పాత శిష్యుడికి హోంవర్క్ రాసి ఇచ్చినట్టు ఇచ్చాడన్నమాట.

తర్వాత రామానుజులు శ్రీరంగం చేరారు. ఆలయ పాలన చేతికొచ్చింది. అది కూడా సులువుగా రాలేదు. గుడి తాళాలు అప్పటికి అముదనార్ అనే ఆయన చేతిలో ఉండేవి, ఆయనకు ఈ కొత్త స్వామి మీద మొదట్లో గురి లేదు. కూరేశులు వెళ్లి నెమ్మదిగా మాట్లాడాక తాళాలు అప్పగించారు. అంతటితో ఆగకుండా తర్వాత రామానుజుల మీద 108 పద్యాల నూట్రందాది రాశారు.

గోష్ఠీపూర్ణుల కథ మీకు తెలుసు, వీడియోలో చూశారు. రహస్యార్థం కోసం శ్రీరంగం నుంచి తిరుక్కోష్టియూరుకు 18 సార్లు నడిచారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట మీద ఉపదేశం పొంది, మర్నాడే జనానికి చెప్పేశారు. గురువు కోపంతో పిలిపించి, నరకానికి పోతావు తెలుసా అంటే, ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణి పోతే పోనీ అన్నారు. అక్కడి వరకూ అందరం చెప్పుకుంటాం, థంబ్‌నెయిల్ కూడా అక్కడే ఉంటుంది. దాని తర్వాతి క్షణమే నాకిష్టం. గోష్ఠీపూర్ణులు పెద్దవారు, ఆజ్ఞ ఇచ్చినవారు, ఆజ్ఞ మీరింది శిష్యుడు. నియమం ప్రకారం చూస్తే ఆయనది తప్పే కాదు. అయినా కోపంగా పిలిపించిన నోటితోనే, అందరి ముందూ, ఇంత దయ నాకు తోచలేదే అని ఒప్పుకుని, శిష్యుణ్ణి కౌగిలించుకుని ఎంబెరుమానార్ అని పేరు పెట్టారు. మా స్వామి అని అర్థం. ఆ తర్వాత తన సొంత కొడుకునే రామానుజులకు శిష్యుడిగా చేర్చారు. తిట్టింది ఎందరు విన్నారో, ఒప్పుకోవడం కూడా అంతమంది విన్నారు. మనవాళ్లు చాలామంది ఇక్కడే జారిపోతారు. తిట్టడం మైకులో, సారీ మాత్రం ఫోన్లో.

మొదట పెట్టుకున్న ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది శ్రీభాష్యం రాసేటప్పటి కథ. ఇక్కడ తప్పు చేసింది రామానుజులే.

బ్రహ్మసూత్రాలకు బోధాయనుడు రాసిన పాత వృత్తి ప్రతి కాశ్మీరంలో ఉందని తెలిసి, కూరేశుల్ని తీసుకుని అక్కడి దాకా వెళ్లారు. ప్రతిని తీసుకుని వస్తుంటే అక్కడివాళ్లు వెంటపడి లాగేసుకున్నారు. రామానుజులు దిగులుపడితే, రాత్రిళ్లు మీరు నిద్రపోయాక నేను చదివి గుర్తుపెట్టుకున్నాను అన్నారు కూరేశులు. మెమొరీలో బ్యాకప్ ఉందన్నమాట. అలాంటి మనిషి. కూరం అనే ఊళ్లో పెద్ద ధనవంతుల ఇంట పుట్టి, ఆస్తి మొత్తం వదిలేసి శిష్యుడిగా వచ్చినవారు.

శ్రీరంగంలో భాష్యం మొదలైంది. రామానుజులు చెప్పాలి, కూరేశులు రాయాలి. ఒక షరతు కూడా గురువే పెట్టారు. నేను చెప్పేది నీకు సరి కాదనిపిస్తే రాయడం ఆపెయ్. నువ్వు ఆపితే నేను మళ్లీ ఆలోచిస్తాను. మా కంపెనీల్లో కోడ్ రివ్యూ అంటాం, రివ్యూయర్ ఒప్పుకోకపోతే ముందుకు పోదు. ఆ రూల్ కాగితం మీద అందరికీ ఇష్టమే. సీనియర్ రాసింది జూనియర్ ఆపినప్పుడే దాని అసలు పరీక్ష.

జీవాత్మ స్వరూపం గురించిన సూత్రం దగ్గర ఆ పరీక్ష వచ్చింది. జీవుడు తెలుసుకునేవాడు, జ్ఞాత, అని రామానుజులు చెప్పారు. కూరేశుల గంటం ఆగిపోయింది. తెలుసుకోవడం నిజమే, కానీ జీవుడి అసలు గుర్తింపు అతడు భగవంతుడికి చెందినవాడు కావడం. అది చెప్పకుండా జ్ఞాత అని మాత్రమే రాస్తే సగమే చెప్పినట్టు. ఇదీ ఆయన అభ్యంతరం. నోటితో వాదించలేదు, రాయడం ఆపారంతే.

రామానుజులకు కోపం వచ్చింది. మళ్లీ చెప్పారు, గంటం కదల్లేదు. అంత తెలిస్తే భాష్యం నువ్వే రాసుకో అని కసిరి, కాలితో తోసి లేచి వెళ్లిపోయారని కథ. గంటం ఆపమని షరతు పెట్టింది ఆయనే. ఆపితే కాలు లేచింది. ఇది చిన్న విషయం కాదు. సంప్రదాయం దీన్ని తేలిగ్గా చెరిపేసి ఉండొచ్చు. ఎవరడుగుతారు? చెరపలేదు.

కూరేశులు తోసిన చోటే పడి ఉన్నారట. చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఇప్పుడేం చేస్తావు అంటే, నేను ఆయన వస్తువుని, వస్తువుని యజమాని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, అన్నారు. చూడండి, ఆ జవాబులోనే ఆయన సిద్ధాంతమంతా ఉంది. తను చెందినవాణ్ణి అని పడుకునే నిరూపించాడు.

రామానుజులు లోపల కూర్చుని ఆలోచించారు. సూత్రం మళ్లీ చూసుకున్నారు, నమ్మాళ్వారు చెప్పింది గుర్తు చేసుకున్నారు. శిష్యుడే కరెక్ట్. వెనక్కి వచ్చి, పడి ఉన్న కూరేశుల్ని లేపి, క్షమించమని అడిగారు. అడిగి ఊరుకోలేదు. కూర్చోబెట్టి, ఆ భాగాన్ని కూరేశులు అన్నట్టుగానే సవరించి చెప్పారు, కూరేశులు రాశారు. ఈ రోజు వేదాంతం చదివేవాళ్లు తెరిచే శ్రీభాష్యం ఆ సవరణ తర్వాతిదే. నా ఉద్దేశంలో మనం వెతుకుతున్న గుర్తు ఇక్కడుంది. క్షమించమన్న మాట గదిలో గాలికి పోతుంది. మారిన వాక్యం పుస్తకంలో ఉండిపోతుంది. కూరేశుల్ని బుజ్జగించి, భాష్యాన్ని మాత్రం తను అన్నట్టే ఉంచేసి ఉంటే? ఎవరికీ తెలిసేది కాదు. కూరేశులకు తెలిసేది.

ఇలాంటిదే ఇంకొకటి, చిన్న కథ. దివ్యక్షేత్రాల యాత్రలో ఒక దళిత స్త్రీ ఎదురొచ్చింది. అప్పటి ఆచారం ప్రకారం పక్కకు తప్పుకోమన్నారు రామానుజులు. ఆమె తప్పుకోకుండా, ఎటు తప్పుకోమంటారు స్వామీ, ఈ పక్క ఫలానా పెరుమాళ్లు, ఆ పక్క ఫలానా పెరుమాళ్లు, ఏ దిక్కు పవిత్రం కాదో చెప్పండి, అటు పోతాను, అని అడిగింది. రామానుజులు అక్కడే ఆమెను క్షమించమని అడిగి గౌరవించారు. ఆచారం అలా ఉంది నేనేం చేయను అనలేదు. ఆయన మేల్కోటెలో ఉన్న కాలంలోనే అక్కడి దళితులకు తిరుక్కులత్తార్ అనే గౌరవనామం ఇచ్చి ఏడాదిలో కొన్ని రోజులు ఆలయ ప్రవేశం కల్పించారని చెప్తారు. కొన్ని రోజులే ఎందుకు అని ఇవాళ మనం అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఆ కాలానికి అది పెద్ద అడుగే.

మన తిరుమల సంగతి కూడా ఒకటి చెప్పాలి. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర అందరం ఆయాసపడతాం కదా. కొండంతా ఆదిశేషుడే, దాని మీద కాలు పెట్టడం అపచారమని రామానుజులు అక్కడ మోకాళ్ల మీద ఎక్కారని ప్రతీతి. పైనుంచి మేనమామ తిరుమల నంబి, అంత వయసులో, ప్రసాదం పట్టుకుని స్వయంగా ఎదురొచ్చారు. ఇంత చిన్న పనికి ఎవరైనా చిన్నవాణ్ణి పంపొచ్చు కదా అంటే, నాలుగు వీధులూ వెతికాను, నాకన్నా చిన్నవాడు దొరకలేదు అన్నారట. ఆ మేనమామ దగ్గరే తిరుపతిలో ఏడాదిపాటు రామాయణం పాఠం విన్నారు. మెట్టు దిగడం ఆ ఇంట్లోనే ఉన్న విద్య.

చివరి భాగం కష్టమైంది. చోళరాజు ఒకడు శ్రీవైష్ణవుల మీద కక్ష కట్టాడు. ఆ రాజు ఎవరన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు, సంప్రదాయం క్రిమికంఠుడు అంటుంది. శివుణ్ణి మించిన దైవం లేదని పండితులందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాడు. కూరేశుల దగ్గర చదువుకున్న నాలూరాన్ అనేవాడే రాజుకు సలహా ఇచ్చాడు, వీళ్లందరి సంతకాలు ఎందుకు, రామానుజుడి ఒక్కడి సంతకం చాలు అని. భటులు శ్రీరంగం వచ్చేసరికి కూరేశులు గురువుగారి కాషాయ వస్త్రాలు తను కట్టుకుని, నేనే రామానుజుణ్ణి అన్నట్టు వెళ్లారు. ముసలి మహాపూర్ణులు వెంట వెళ్లారు. రామానుజులు తెల్లబట్టలతో అడవుల మీదుగా కర్ణాటకకు, మేల్కోటెకు చేరారు.

సభలో కూరేశులు సంతకం పెట్టలేదు. కళ్లు పోయాయి. రాజు తీయించాడని కొందరు, ఇలాంటివాణ్ణి చూసిన కళ్లు నాకొద్దని తనే పెరికేసుకున్నారని కొందరు చెప్తారు. మహాపూర్ణులు తిరిగొచ్చే దారిలోనే ప్రాణం వదిలారు. కళ్లు లేకుండా శ్రీరంగం వచ్చిన కూరేశుల్ని గుడి దగ్గర ఆపారు, రామానుజులకు సంబంధించినవాళ్లను రానివ్వొద్దని రాజాజ్ఞ. ఇంతలో ఒకరు, ఈయన మంచివాడు, అందరికీ కావలసినవాడు, పోనివ్వండి అన్నారు. కూరేశులు గుమ్మంలోంచి వెనక్కి తిరిగారు. నా మంచితనం చూసి లోపలికి రానిస్తే నాకు వద్దు, ఆచార్యుల మనిషిగా రానిస్తేనే వస్తాను అని.

పన్నెండేళ్ల తర్వాత రాజు పోయాడని తెలిసి రామానుజులు శ్రీరంగం తిరిగొచ్చారు. కూరేశుల్ని కౌగిలించుకుని ఏడ్చారు. నా వల్లే నీ కళ్లు పోయాయి అన్నారు. చేయించింది రాజు, సలహా ఇచ్చింది నాలూరాన్, వేషం వేసుకుంది కూరేశులు తనంతట తానే. తప్పించుకోవడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. ఆయన ఒక్కటీ వాడుకోలేదు. కూరేశులేమో, ఎప్పుడో ఏ వైష్ణవుడి నామమో వంకరగా ఉందని మనసులో అనుకుని ఉంటాను స్వామీ, ఆ అపచారం ఫలితం, మీకేం సంబంధం, అన్నారు. ఇద్దరు మనుషులు తప్పు నాదంటే నాదని పోట్లాడుకోవడం మనం ఎక్కడ చూశాం?

కంచి వరదుణ్ణి కళ్లు అడుగు, ఆయన ఇస్తాడు, అని రామానుజులు పంపించారు. కూరేశులు అక్కడ వరదరాజస్తవం చెప్పారు. స్వామి వరం కోరుకోమన్నాడు. కూరేశులు నాలూరాన్‌కు మోక్షం ఇమ్మన్నారు. నాలూరాన్ వచ్చి క్షమించమన్నట్టు కథలో లేదు, పశ్చాత్తాపపడినట్టు కూడా లేదు. రామానుజులకు మొదట బాధేసింది, తన మాట ప్రకారం కళ్లు అడగలేదని.

కూరేశులు గురువు కన్నా ముందే వెళ్లిపోయారు. శ్రీరంగనాథుణ్ణి పరమపదం అడిగితే, నీకే కాదు, నీతో సంబంధం ఉన్నవాళ్లందరికీ ఇచ్చానన్నాడట స్వామి. అది విని రామానుజులు పైబట్ట ఆకాశంలోకి ఎగరేశారు, అయితే నాకూ దొరికినట్టే అని. వేల మంది తమ మోక్షానికి ఎవరి పేరు చెప్పుకుంటారో, ఆయన కాలితో తోసిన తన శిష్యుడి పేరు చెప్పుకున్నారు. కూరేశుల కొడుకు పరాశర భట్టరు తర్వాత ఆ పీఠానికి పెద్ద అయ్యారు.

రామానుజులు రాసిన శరణాగతి గద్యం చాలామంది ఇళ్లలో ఉంటుంది. శ్రీరంగంలో పంగుని ఉత్తరం రోజు గద్యత్రయం విన్నపం చేస్తారు. అందులో ఒక భాగం మొత్తం క్షమించమని అడగడమే. మనసుతో, మాటతో, శరీరంతో చేసినవి, చేస్తున్నవి, చేయబోయేవి కూడా. భాష్యకారుడు, మఠాధిపతి, ఆలయ పాలకుడు, నేను చేశాను అని ఉత్తమపురుషలో అడుగుతాడు. తిని ఉంటే, చేసి ఉంటే అనే మాటలు అందులో లేవు.

1137లో, 120 ఏళ్లకు పరమపదించారని సంప్రదాయం. పోయే ముందు శిష్యుల్నీ, గుడిలో రకరకాల సేవలు చేసే పరిజనాన్నీ పిలిపించారు. ఆలయ పద్ధతులు ఆయన మార్చినప్పుడు వాళ్లలో చాలామంది ఇబ్బంది పడ్డవాళ్లే, కొందరు కోపంగా ఉన్నవాళ్లే. నా వల్ల మీకు జరిగిన అపరాధాలు క్షమించండి అని వాళ్లను చేతులు జోడించి అడిగారు. వాళ్లు ఏడుస్తూ, మీరు మాకు అపరాధం చేయడమేమిటి స్వామీ అన్నారట. అడగాలి కదా, అడిగారు. ఆ తర్వాత గోవిందుడి ఒళ్లో తల, వడుగ నంబి ఒళ్లో పాదాలు పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.